ప్రైవేటు మాస్టారు కావలెను

రాత్రి తొమ్మిదైంది. వనస్థలిపురంలో ఓ మూడో అంతస్తు ఫ్లాటు. సీరియల్ టైమ్ దాటిపోతున్నా టీవీ పెట్టినవాళ్లు లేరు. డైనింగ్ టేబుల్ మీద ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఉంది. తెలుగు 71, సోషల్ 66... లెక్కలు మాత్రం 80కి 23. తండ్రి సంతకం పెట్టడానికని పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. 'అంతా ఆ ఫోన్ వల్లే' అంది తల్లి. ఎవర్ని అందో తెలీదు. తండ్రీ కొడుకూ ఇద్దరూ తల దించుకున్నారు.

పది నిమిషాల్లో తీర్పు వచ్చేసింది.

'రేపే ట్యూషన్ పెట్టించేద్దాం.'

ట్యూషన్ అన్న మాట అంతగా అలవాటు కాని రోజుల్లో మన ఊళ్లలో దాన్ని 'ప్రైవేటు' అనేవారు. ఇప్పటికీ కోస్తా జిల్లాల్లో ఏ బామ్మనడిగినా 'మనవడు ప్రైవేటుకెళ్లాడమ్మా' అనే అంటుంది. బడి వదిలాక మాస్టారింటి అరుగు మీద చాప పరచుకుని, ఎక్కాలు అప్పజెప్పి, చీకటి పడ్డాక పలకా పుస్తకాలూ చంకన పెట్టుకుని ఇంటికి రావడం ఓ తరానికి బాగా తెలుసు. నెలకు ఇంతని ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేవారు. లేనివాళ్లు కొత్త బియ్యమో, పెరట్లో కాసిన గుమ్మడికాయో పంపేవారు. అప్పట్లో మాస్టార్ని వెతుక్కునే పని లేదు. ఊళ్లో ఆయనొక్కరే. ఆయన కోపమెంతో, ఓపికెంతో, చేతిలో బెత్తం ఎంత పొడుగో అందరికీ తెలుసు.

ఇప్పుడు చిక్కంతా ఎంచుకోవడంలోనే ఉంది. కరెంటు స్తంభానికి 'హోమ్ ట్యూటర్స్ అవైలబుల్' కాగితం. కింద అంచున చింపుకుని పోవడానికి వీలుగా కత్తిరించిన ఫోన్ నంబర్లు. వీధి మొదట్లో ఒక బోర్డు, చివర్లో ఇంకో బోర్డు. అపార్ట్‌మెంట్ వాట్సప్ గ్రూపులో అడిగితే అరగంటలో తొమ్మిది పేర్లు. ఫోన్‌లో ఒక్క ప్రకటన నొక్కితే చాలు, మరుక్షణం కౌన్సెలర్ ఫోన్ చేస్తాడు. ఇంతమందిలో మన పిల్లాడికి సరిపోయేవారెవరు?

ఈ ప్రశ్న ఒక్క వనస్థలిపురానిదే కాదు. 2025లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమగ్ర విద్యా సర్వేలో దేశంలోని విద్యార్థుల్లో 27 శాతం మంది ఆ ఏడాది ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నట్టు తేలింది. పట్టణాల్లో అది 30.7 శాతం. పల్లెలేం తీసిపోలేదు, అక్కడ 25.5 శాతం. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకూ చదివే గ్రామీణ పిల్లల సంగతి చూసే 'అసర్' నివేదిక ప్రకారం 2018లో డబ్బిచ్చి ట్యూషన్ చెప్పించుకున్నవాళ్లు 26.4 శాతం, 2022 నాటికి 30.5 శాతం. బీహార్‌లోనైతే నూటికి డెబ్బై మందికి పైనే. అంటే ట్యూషన్ ఇప్పుడు వెనకబడ్డ పిల్లలకి మాత్రమే వేసే మందు కాదు. చాలా ఇళ్లలో పాలప్యాకెట్‌లా, కేబుల్ బిల్లులా నెలవారీ ఖర్చు. అలా అలవాటైపోయిన ఖర్చు గురించే ఎవరూ ఆగి ఆలోచించరు.

ఎక్కడ ఆగిపోయాడు?

'మావాడు మ్యాథ్స్‌లో వీక్ అండీ.' ట్యూటర్‌తో తల్లిదండ్రులు చెప్పే మొదటి మాట ఇదే. చాలాసార్లు చివరి మాట కూడా. డాక్టరు దగ్గరికెళ్లి 'ఒంట్లో బాగోలేదు' అని ఊరుకుంటామా? ఎప్పటి నుంచి, ఎక్కడ నొప్పి, రాత్రి జ్వరం వస్తోందా... అన్నీ చెబుతాం. లెక్కల దగ్గర మాత్రం ఒక్క ముక్కతో సరి.

ప్రోగ్రెస్ కార్డు ఈ విషయంలో ఎందుకూ పనికిరాదు. జవాబుపత్రం కావాలి. పరీక్ష పేపర్లు బడి నుంచి ఇంటికి వచ్చినప్పుడు చాలా ఇళ్లలో మొదటి పేజీ మీది మార్కు చూసి పక్కన పడేస్తారు. లోపలి పేజీల్లోనే అసలు సమాచారం ఉంటుంది. పిల్లాడు వదిలేసిన లెక్కలెన్ని? చేసి తప్పినవెన్ని? తప్పినవన్నీ ఒకేచోట తప్పుతున్నాయా? వదిలేసినవన్నీ పేరాలా పొడుగ్గా ఉన్న ప్రశ్నలేనా?

చివరిది చాలామంది గమనించని సంగతి. ఇంగ్లిష్ మీడియంలో లెక్క రాకపోవడం వేరు, లెక్క అర్థం కాకపోవడం వేరు. బీజగణితం మొదలైన కొత్తలో '5 లెస్ దేన్ ఎక్స్' అని ప్రశ్న ఉంటే పిల్లలు కనిపించిన వరసలో 5 రాసి, మైనస్ పెట్టి, ఎక్స్ రాసేస్తారు. జవాబు తలకిందులవుతుంది. అదే మాట తెలుగులో 'ఎక్స్ కంటే 5 తక్కువ' అని అడిగి చూడండి. ముందు ఎక్స్, తర్వాత 5. తెలుగు వాక్యంలోని వరసే లెక్కలోని వరస. తెలుగులో అడిగితే ఠక్కున చెప్పేసిన పిల్లాడికి కావలసింది లెక్కల మాస్టారు కాదు, ప్రశ్న చదవడం నేర్పేవారు.

లెక్కలు దాదాపు అన్నిటికన్నా పొగరుబోతు సబ్జెక్టు. సోషల్‌లో మొఘలులు రాకపోయినా స్వాతంత్య్రోద్యమం చదువుకోవచ్చు. లెక్కల్లో అలా కుదరదు. నాలుగైదు తరగతుల్లో భిన్నాలు ఒంటబట్టకపోతే ఏడులో నిష్పత్తులు, శాతాలు, వడ్డీ లెక్కలు వరసగా కూలతాయి. ఆరులో రుణసంఖ్యలు సరిగా రాకపోతే ఎనిమిదిలో సమీకరణాలు సాగవు. పిల్లాడు ఏడో తరగతిలో తప్పుతున్నాడంటే చాలాసార్లు కాలు జారింది అక్కడ కాదు, రెండు మెట్లు కింద. ఏడో తరగతి పుస్తకం మొదటి పాఠం నుంచి మొదలుపెట్టే ట్యూటర్‌కు ఆ జారిన మెట్టు ఎప్పటికీ కనబడదు.

కొన్నిసార్లు కారణం పుస్తకంలోనే ఉండదు. బోర్డు మీది 8ని 3గా, 6ని 0గా నోట్సులోకి ఎక్కించుకుంటున్న పిల్లాణ్ని ముందు తీసుకెళ్లాల్సింది కంటి డాక్టరు దగ్గరికి. ఉదయం ఆరున్నరకు స్కూలు బస్సెక్కి సాయంత్రం అయిదున్నరకు దిగే పిల్లకు ఏడింటికి ట్యూషన్ పెడితే, మాస్టారు రామానుజన్ అయినా సరే ఆ పాప ఆవలిస్తూనే వింటుంది.

అందుకే స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు 'ఎలా చదువుతున్నాడు మేడం' అని అడిగితే లాభం లేదు. ఆ ప్రశ్నకు 'బాగానే ఉన్నాడు, ఇంకాస్త కష్టపడాలి' అన్న జవాబు తప్ప ఇంకోటి రాదు. 'ఏ పాఠం దగ్గర్నుంచి వెనకబడ్డాడు, ఏ రకం లెక్కలు తప్పుతున్నాడు' అని అడగాలి. నలభై మందిని చూసే టీచరే అయినా ఈ ప్రశ్నకు చాలామంది ఆగి ఆలోచించి చెబుతారు.

రెండు ట్యూషన్లు, ఒక మాట

వనస్థలిపురం కుటుంబం ఇవేవీ చేయలేదు. ఎవరూ చేయరు. కంగారులో ఉన్న తల్లికి కావలసింది ఆలోచన కాదు, అడ్రసు. ఎదురింటావిడ ఇచ్చింది. 'మా పెద్దాడు అక్కడికెళ్లాకే వదినా, 92 వచ్చాయి.' మంచి సలహానే. కాకపోతే ఆ పెద్దాడికి అంతకుముందు 84 వచ్చేవి.

అదొక ట్యూషన్ సెంటర్. మేడ మీద రేకుల షెడ్డు, వరసగా బెంచీలు, ఒక్కో బ్యాచ్‌కి ముప్ఫై మందికి పైగా. చెప్పే సార్‌కు పేరుంది, గొంతుంది, బోర్డు మీద చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. లెక్క చేసి చూపిస్తాడు, పిల్లలు దించుకుంటారు. 84 వచ్చే పిల్లాడికి అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తెలిసిన లెక్కే మరోసారి, ఇంకాస్త వేగంగా చేస్తాడు కదా. మనవాడికి మాత్రం బడిలో అర్థం కాని క్లాసు సాయంత్రం మళ్లీ ఒకసారి అర్థం కాలేదు. నోట్సు నిండింది. బుర్రలోకేమీ ఎక్కలేదు.

ఒక్కరికి ఒక్కరు కూర్చుని చెబితే ఎంత తేడా ఉంటుందో విద్యా పరిశోధకులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. అమెరికన్ విద్యా శాస్త్రవేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన వ్యాసం ఈ విషయంలో బాగా ప్రసిద్ధి. విడిగా ట్యూటర్ దగ్గర, ఒక పాఠం పూర్తిగా వచ్చాకే రెండో పాఠానికి వెళ్తూ నేర్చుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని పిల్లల్లో నూటికి 98 మందిని దాటిపోయాడని ఆయన లెక్క. తర్వాత వచ్చిన పరిశోధనలు అంత భారీ తేడా లేదన్నాయి కానీ, తేడా ఉందని మాత్రం ఒప్పుకున్నాయి. బ్లూమ్ మాటలో తరచూ అందరూ వదిలేసే భాగం ఒకటుంది. ఒక పాఠం వచ్చాకే రెండో పాఠం అన్న షరతు. ఒక్కరే కూర్చున్నా, రాని పాఠాన్ని దాటేసి పరుగెత్తితే అది బ్యాచ్ ట్యూషనే. కాకపోతే ఖరీదెక్కువ.

రెండో ప్రయత్నంలో సరిగ్గా అదే జరిగింది. ఏజెన్సీ ద్వారా ఓ ఇంజినీరింగ్ కుర్రాడు ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, చురుకైనవాడు. బైకు మీద రోజుకు నాలుగిళ్లు తిరుగుతాడు. మొదటి నెల ఫీజులో పెద్ద భాగం ఏజెన్సీకే పోతుంది కాబట్టి అతనికి మిగిలేది పెట్రోలు ఖర్చే. అతను రాగానే మొదట హోంవర్కు తీయించేవాడు. అర్థం కాకపోతే తానే చేసి చూపించేవాడు. గంటలో హోంవర్కు పూర్తి! తల్లికి ఎంత హాయి! నోట్సులన్నీ ఎర్ర టిక్కులతో కళకళలాడాయి. ఇంట్లో గొడవలు తగ్గాయి. నెలన్నర తర్వాత యూనిట్ టెస్టులో 25కి 6 వచ్చాయి.

ట్యూషన్‌ని ఎంచుకునేటప్పుడు అందరూ పొరబడే చోటు ఇదే. హోంవర్కు చేయించే మనిషిని, పాఠం నేర్పే మనిషిని ఒకరే అనుకుంటాం. హోంవర్కు వెంటనే అవడం, పిల్లాడు ఒక్క ప్రశ్నయినా అడగకపోవడం, పుస్తకంలో కొట్టివేతే లేకపోవడం... ఈ మూడూ కనిపించాయంటే పెన్ను పిల్లాడి చేతిలో ఉన్నా లెక్క చేస్తున్నది వేరొకరని అర్థం.

ఆ 6 మార్కుల రోజు రాత్రి తల్లి తిట్టలేదు. ఓపిక లేక ఊరుకుంది. పక్కన పడుకున్న పిల్లాడే అన్నాడు.

'నాకు బుర్ర లేదమ్మా. ఇంక డబ్బులు దండగ. మాన్పించెయ్.'

పన్నెండేళ్ల పిల్లాడు. మూడు నెలల కింద అదే పిల్లాడు 'నాకు లెక్కలు రావు' అనేవాడు. రెండు మాటలకీ మధ్య ఎంత దూరముందో ఆ తల్లికి ఆ రాత్రి తెలిసింది. పోయిన ఫీజు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఈ మాట పిల్లాడి నోట స్థిరపడిపోతే పదో తరగతి దాటి, కోర్సు ఎంచుకునే దాకా వెంట వస్తుంది. లెక్కలంటే భయపడి ఇష్టం లేని గ్రూపులో చేరినవాళ్లు ప్రతి చుట్టాలింట్లోనూ ఒకరైనా ఉంటారు.

దోసె ముక్క

మూడోసారి దొరికిన టీచర్‌కు బోర్డు లేదు. రెండు వీధుల అవతల ఉంటారు. బీఈడీ చేసి, ఆరేళ్లు స్కూల్లో లెక్కలు చెప్పి, బాబు పుట్టాక ఉద్యోగం మానేసిన గృహిణి. సాయంత్రం పూట నలుగురికి మించి చేర్చుకోరు. ఆవిడ సంగతి చెప్పింది టైలర్ షాపు అమ్మాయి. మంచి ట్యూటర్ల చిరునామా ఇలాంటి చోట్లే దొరుకుతుంది. పుస్తకాల షాపతను, స్టేషనరీ కొట్టు, లైబ్రరీలో పేపరు చదువుకునే రిటైర్డ్ హెడ్మాస్టరు, స్కూల్లో ఒకప్పుడు చెప్పి మానేసిన టీచర్లు. మార్కులు పెరిగిన పిల్లల తల్లుల్ని కాదు, మన పిల్లాడిలాగే కింద ఉండి మెల్లగా పైకొచ్చిన పిల్లల తల్లుల్ని అడగాలి. ఎదురింటి 92 మనకి పనికొచ్చే సాక్ష్యం కాదు.

'ఫీజెంతండీ టీచర్‌గారూ?' అని తల్లి మొదలుపెట్టబోతే ఆవిడ ఆపారు. 'అది తర్వాత మాట్లాడుకుందాం. బాబు పాత పరీక్ష పేపర్లు తెచ్చారా?'

తేలేదు. మర్నాడు తెచ్చారు. టీచర్ అయిదు నిమిషాలు తిరగేసి ఒక లెక్క దగ్గర వేలు పెట్టారు. 1/2 కి 1/3 కలపమని ప్రశ్న. పిల్లాడు 2/5 అని రాశాడు. పైన ఒకటి ఒకటి రెండు, కింద రెండు మూడు అయిదు. స్కూల్లో దాని మీద ఇంటూ మార్కు పడింది. ఇంజినీరింగ్ కుర్రాడు పక్కనే క.సా.గు. తీసి 5/6 అని సరిచేశాడు. ఇద్దరూ చేసింది తప్పు కాదు. కానీ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది.

'ఇదెలా వచ్చింది నాన్నా? నాకు చెప్పు.'

భయపడుతూనే చెప్పాడు. ఆవిడ తప్పని అనలేదు. 'సరే. నీ ప్లేట్లో సగం దోసె ఉంది. అమ్మ ఇంకో ముక్క వేసింది. ఇప్పుడు సగం కంటే ఎక్కువుందా, తక్కువుందా?'

'ఎక్కువే.'

'మరి 2/5 సగం కంటే ఎక్కువా? దోసెని అయిదు ముక్కలు చేసి రెండే తీసుకున్నావు.'

పిల్లాడు కాసేపు కాగితం వైపు చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కేశాడు. 'తగ్గిపోయింది టీచర్! ముక్క వేస్తే తగ్గిందేంటి?' అని నవ్వాడు. లెక్కల పుస్తకం ముందు వాడు నవ్వి ఎన్నాళ్లయిందో తల్లికి గుర్తులేదు.

ట్యూటర్ని ఎంచుకోవడానికి డిగ్రీలూ, అనుభవం, పోస్టర్లో ర్యాంకులూ అన్నీ చూడొచ్చు. కానీ తల్లిదండ్రులు తమ కళ్లతో చూడగలిగిన పరీక్ష ఇదొక్కటే. పిల్లాడు తప్పు చేసిన ఒక లెక్క ఇచ్చి ట్యూటర్ ఏం చేస్తారో గమనించాలి. వెంటనే సరైన జవాబు రాసి చూపిస్తే సబ్జెక్టు తెలుసన్నమాట. 'ఇంత చిన్నది రాదా?' అంటే మరుసటి రోజు వెళ్లనక్కర్లేదు. 'ఇలా ఎందుకు చేశావు?' అని అడిగి, ఆ జవాబు పూర్తిగా విని, తప్పు ఎక్కడ పుట్టిందో పిల్లాడితోనే పట్టిస్తే చెప్పడం తెలుసన్నమాట. లెక్కలు తెలియని తల్లి కూడా ఈ తేడా పట్టుకోగలదు. లెక్క చూడక్కర్లేదు, ఇద్దరి మొహాలూ చూస్తే చాలు. ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారు, ఎవరి చేతిలో పెన్నుంది అన్నది గమనిస్తే చాలు.

అందుకే మొదటి వారం పరీక్షగా పెట్టుకోవడమే మేలు. నిజంగా చెప్పగలిగినవాళ్లు 'వారం చూసి నిర్ణయించుకోండి' అన్న మాటకు నొచ్చుకోరు. 'మూడు నెలలకి ముందే కట్టేయాలి, సీట్లు అయిపోతున్నాయి' అనేవాళ్లతోనే జాగ్రత్త. రెండు నెలల్లో 90 తెప్పిస్తానని మాటిచ్చేవాళ్లతో ఇంకా జాగ్రత్త. 23 ఉన్నచోట నుంచి మొదటి రెండు నెలలు కింది మెట్లకే పోతాయి. స్కూలు మార్కుల్లో ఆ పని కనపడదు. ఆ సంగతి ముందే చెప్పిన ట్యూటర్‌ను నమ్మొచ్చు. వనస్థలిపురం టీచర్ చెప్పారు కూడా. 'యూనిట్ టెస్టులో ఇప్పుడే పెద్దగా పెరగవండీ. సంక్రాంతి దాకా నన్ను మార్కులడగొద్దు.' తండ్రి మొహం చిన్నబోయింది. తల్లి ఒప్పుకుంది.

తలుపు తీసే ఉండాలి

ఈ విషయం మాట్లాడటానికి చాలామంది మొహమాటపడతారు. పడకూడదు. ఇంటికొచ్చి చెప్పేవారైనా, మనం పంపే చోటైనా, చదువు జరిగేది హాల్లోనో వరండాలోనో, నలుగురూ తిరిగే చోట. గది తలుపు వేసి 'డిస్టర్బెన్స్ లేకుండా' చెప్పడం అన్న మాటే వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరుండే వేళకే ట్యూషన్ పెట్టుకోవాలి. అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా ఇది ఒకటే. ట్యూటర్ పూర్తి పేరు, ఉండే చోటు, గుర్తింపు కార్డు చూసి, ఇంతకుముందు చెప్పిన రెండు కుటుంబాలతో మాట్లాడాలి. ఏజెన్సీ పంపింది కదా అని వదిలేస్తే ఏజెన్సీ కూడా అలాగే వదిలేసి ఉండొచ్చు. మంచి ట్యూటర్లెవరూ ఈ ప్రశ్నలకు కోపగించుకోరు. వాళ్లకీ అదే రక్ష.

ట్యూషన్ టైముకి పిల్లలు కడుపునొప్పి అంటుంటే, ఉన్నట్టుండి మాట తగ్గిస్తే, 'ఆ సార్ వద్దు' అని కారణం చెప్పకుండా మొండికేస్తే దాన్ని చదువుకు ఎగనామం కింద కొట్టేయకూడదు. తిట్టకుండా, కొట్టకుండా అడగాలి, చెప్పింది నమ్మాలి. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. పిల్లలపై లైంగిక నేరాలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. కొట్టడం సంగతీ అంతే. 'మా రోజుల్లో గోడకుర్చీ వేయించేవారు, అందుకే ఇలా పైకొచ్చాం' అని తాతయ్యలు మురిసిపోవచ్చు. గోడకుర్చీ వల్ల భిన్నాలు వచ్చినవాళ్లెవరూ లేరు.

ఫీజు, చట్టం, మొహమాటం

ఫీజు ఊరిని బట్టి, తరగతిని బట్టి, మనం ఉండే వీధిని బట్టి కూడా మారుతుంది. దానికి ఒక లెక్కంటూ లేదు. అడిగి తెలుసుకోవాల్సినవి మాత్రం కొన్నున్నాయి. నెలకెన్ని రోజులు, రోజుకెంతసేపు, ట్యూటర్ రాని రోజు తిరిగి చెబుతారా, మన ఊరెళ్లిన పది రోజులకు ఎలా... ఇవన్నీ మొదటి రోజే మాట్లాడుకుంటే ఆ తర్వాత మనసులో పెట్టుకుని గింజుకునే పని ఉండదు. ఒకటి మాత్రం నిజం. పిల్లల బూట్లకి బేరమాడనివాళ్లు కూడా ట్యూషన్ టీచర్ దగ్గర రెండొందలకు బేరమాడతారు. 'ఇంట్లో కూర్చునే కదా చెప్పేది' అన్న మాట ఆ గృహిణి టీచర్లు ఎన్నిసార్లు విని ఉంటారో! బతకలేక బడిపంతులు అన్న సామెత మనవాళ్లు ఊరికే పుట్టించలేదు.

మరో చిక్కు సొంత స్కూలు టీచరే సాయంత్రం ట్యూషన్ చెప్పడం. క్లాసులో సగమే చెప్పి మిగతా సగం ఇంటి దగ్గర చెబుతారేమోనని ఒక అనుమానం, వెళ్లకపోతే మార్కులు తగ్గిస్తారేమోనని ఇంకో భయం. విద్యాహక్కు చట్టం-2009లోని 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలిసి ఉంటే 'మా దగ్గరికి పంపండి' అన్నప్పుడు మొహమాటపడే పని తప్పుతుంది.

కోచింగ్ సెంటర్ల విషయంలో 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. యాభై మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు అవి వర్తిస్తాయి. పదహారేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదు, డిగ్రీ కన్నా తక్కువ చదివినవాళ్లతో చెప్పించకూడదు, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు 10 రోజుల్లో తిరిగివ్వాలి. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డులు పెట్టిన ఊళ్లలో ఈ వయసు నిబంధన చదివితే నవ్వొస్తుంది. రసీదు తీసుకోవడం, ఫీజు షరతులు కాగితం మీద రాయించుకోవడం మాత్రం మన చేతిలో పనే. ఏడాది ఫీజు ఒకేసారి కట్టించుకునే ఆన్‌లైన్ క్లాసులకూ ఇదే మాట. ఈఎంఐ పేరుతో సంతకం చేయించేది చాలాసార్లు అప్పు కాగితం మీద. క్లాసులు ఆగినా వాయిదాలు ఆగవు. వీడియోలే కావాలంటే, ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన 'దీక్ష' యాప్‌లో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

అసలు ట్యూటరే అక్కర్లేని ఇళ్లూ ఉంటాయి. 'మాకు ఈ సిలబస్ రాదండీ' అంటారు తల్లులు. రానక్కర్లేదు. రోజూ ఓ పావుగంట కూరగాయలు తరుగుతూ 'ఇవాళ ఏం చెప్పారో నాకు నేర్పించు' అని పిల్లని అడిగి చూడండి. ఎక్కడ తడబడుతుందో తనకే తెలుస్తుంది. డిగ్రీ చదివే పక్కింటి అక్క వారానికి రెండు రోజులు కూర్చుంటే సరిపోయే పిల్లలూ ఉన్నారు.

సంక్రాంతికి ముందు వనస్థలిపురం పిల్లాడికి 25కి 11 వచ్చాయి. తండ్రి పెదవి విరిచాడు. టీచర్ మాత్రం పేపరు తిరగేసి 'భిన్నాల లెక్క ఒక్కటీ పోలేదు, చూశారా?' అన్నారు. సెలవులకు అమ్మమ్మ ఊరెళ్లినప్పుడు అరిసెలు పంచుతూ వాడు చిన్న తమ్ముడికి మూడో వంతు లెక్క చెప్పి ఒకటి ఎక్కువ కొట్టేశాడట. ఆ ఫిర్యాదు హైదరాబాద్ దాకా వచ్చింది.

మార్చిలో వార్షిక పరీక్షలకు ముందు టీచరే ఫోన్ చేశారు. 'ఏప్రిల్ తర్వాత రోజూ పంపక్కర్లేదండీ. శనివారం ఒక్కరోజు చాలు. మిగతా రోజులు వాణ్ని వాడంతట వాణ్ని చేసుకోనివ్వండి. రాకపోతే అప్పుడు చూద్దాం.'

తల్లికి ముందు అనుమానమే వచ్చింది. వేరే పిల్లలెవరైనా ఎక్కువ ఫీజుకి దొరికారేమో! భర్తతో అంది కూడా. ఆయన కాసేపు ఆలోచించి, 'ఇన్నాళ్లూ మనం కట్టిన ముగ్గురిలో, ఫీజు తగ్గించుకుంటానన్నది ఈవిడొక్కరే కదా' అన్నాడు. లోపలి గదిలోంచి పిల్లాడు అరిచాడు.

'అమ్మా, శనివారం అయితే క్రికెట్ పోతుంది. ఆదివారం అడగవా!'